బుధవారం మిగిలిన పాలు

1998 జూలై 22, బుధవారం సాయంత్రం అయిదున్నర. నర్సీపట్నంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ మగపిల్లల హాస్టల్లో, గ్లాసుల్లో పోసిన పాలు పోసినట్టే ఉండిపోయాయి. ఖాళీ అయిన గ్లాసు ఒక్కటే. అది తాగినవాడు కొండబాబు.

కొండబాబు బీఎస్సీ రెండో సంవత్సరం. ఊరు నాతవరం దగ్గర. గది తలుపు మీద తన పేరు కింద సుద్దముక్కతో 'ప్రైవేటు డిటెక్టివ్' అని రాసుకున్నాడు. ఆ సాయంత్రం మెస్సులో బెంచీ ఎక్కి ప్రకటన చేశాడు.

"మిత్రులారా! నేరం చేసి నా కళ్లు గప్పినవాడు ఈ జిల్లాలో ఇంకా పుట్టలేదు. నేరం ఎక్కడున్నా నా ముక్కు పసిగడుతుంది."

ఆ ముక్కు జూన్ నుంచి జలుబుతో మూసుకుపోయి ఉంది.

"నువ్వు పట్టుకున్నోడు కూడా ఇంకా పుట్టనేదురా," అన్నాడు నానాజీ. అతను కొండబాబు రూమ్మేటు.

"ఆలోచించు నానాజీ. మీరెవరూ పాలు ముట్టుకోలేదు. ఎందుకు? అందులో ఏదో ఉందని మీకు తెలుసు. నేనొక్కణ్ణే తాగాను. ఎందుకు? నాకు తెలియదు. అంటే ఇక్కడ జరిగింది హత్య. చచ్చింది నేను."

"సచ్చినోడివి బెంచీ మీదెక్కి ఇన్ని మాటలు సెప్తావేటి?"

"స్లో పాయిజన్."

"ఎంత స్లో?"

"మూడు బుధవారాలుగా తాగుతున్నాను. ఇంకా తెలియడం లేదు. అంత స్లో. నేను పోయేలోపు హంతకుణ్ణి పట్టుకోవాలి. బేగి పద."

హాస్టల్లో పాలు మొదలవడానికి కారణం కబడ్డీ. జూన్‌లో ఒక కుర్రాడు కూతకెళ్లి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. కట్టు కట్టిన డాక్టరు జూలై మొదట్లో కాలేజీకి వచ్చి మీటింగులో మాట్లాడాడు. ఈ వయసు పిల్లలు టీ తాగుతున్నారు గానీ పాలు తాగడం లేదని, ఎముకలకు కాల్షియం చాలడం లేదని చెప్పాడు. వార్డెను దేవుళ్లు గారు అదే వారం సాయంత్రం టీ మాన్పించి పాలు పెట్టించారు. పాలు తెచ్చేది జోగులమ్మ. నాతవరం వైపు నుంచి షేరాటోలో క్యాన్లు వేసుకుని వస్తుంది. పిల్లలు తాగాక గ్లాసులు కూడా తనే కడిగి వెళుతుంది.

మిగతా రోజుల్లో పాలు మిగల్లేదు. బుధవారాల్లో మాత్రం మిగిలాయి.

కొండబాబు కుళాయి దగ్గరికి వెళ్లాడు. జోగులమ్మ క్యాను కడుగుతోంది. అతను బోటనీ ల్యాబు నుంచి తెచ్చిన భూతద్దం కంటికి పెట్టుకున్నాడు.

"నిన్న రాత్రి నువ్వెక్కడున్నావు?"

"మా ఇంటికాడ."

"సాక్షి ఎవరు?"

"మా గేది."

"అది మాట్లాడుతుందా?"

"నీకంటే తక్కువ బాబూ."

కొండబాబు జేబులోంచి నీలి లిట్మస్ కాగితం తీసి రెండో క్యానులోని పాలలో ముంచాడు. కాగితం కొద్దిగా ఎరుపు తిరిగింది. ఏ పాలలో ముంచినా తిరుగుతుంది. ల్యాబులో ఆ పాఠం చెప్పిన రోజు కొండబాబు రాలేదు.

"యాసిడ్!" అని అరిచాడు.

దేవుళ్లు గారు పరుగున వచ్చారు. ఆయన చెప్పేది చరిత్ర. యాసిడ్ అనే మాట విని రెండడుగులు వెనక్కి వేశారు.

"ఏమిటమ్మా ఇది?"

"నా పాలల్లో యాసిడేటండీ? మీ ఎదర గ్లాసుడు తాగీమంటారా?" జోగులమ్మ గ్లాసు ముంచి తాగేసింది. "సూడండి, నిల్సునే ఉన్నాను కదా?"

"స్లో," అన్నాడు కొండబాబు.

"నువ్వుండవయ్యా. జోగులమ్మా, వచ్చే బుధవారం నేనే దగ్గరుండి చూస్తాను. అప్పుడూ పాలు మిగిలితే ఇక తేవద్దు."

"సారూ, ఈ ఆస్టల్ని నమ్ముకునే రెండో గేదిని కొన్నానండి. ఉన్నట్టుండి వద్దంటే దాన్నేటి సేసుకుంటానండి?"

"పిల్లలు ఎందుకు తాగడం లేదో చెప్పు మరి."

"నాకేటి తెల్సు బాబూ."

నానాజీకి తెలుసు. కొండబాబుకు తప్ప హాస్టల్లో అందరికీ తెలుసు.

ఎస్. రాయవరం మండలంలో సముద్రం ఒడ్డున ఉన్న పల్లె నుంచి వచ్చిన నాగబాబు కూడా ఆ హాస్టల్లోనే ఉంటాడు. అతని తల్లి అప్పయ్యమ్మ బుధవారాలు నర్సీపట్నం బజారుకు ఎండుచేపలు తెచ్చి అమ్ముతుంది. మధ్యాహ్నం హాస్టలు వెనక గోడ దగ్గరికి వచ్చి కొడుక్కి వేయించిన ఎండు నెత్తళ్లు ఇచ్చి వెళుతుంది. ఆ నెత్తళ్లు కొండబాబు కంట పడకుండా హాస్టలంతా తింటుంది. దేవుళ్లు గారు నీచు ముట్టరు, హాస్టల్లోకి రానివ్వరు. ఆ పూట ఆయన భోజనానికి ఇంటికి వెళతారు. చేపలు తిన్న రోజు పాలు తాగకూడదని, తాగితే ఒంటి మీద తెల్లమచ్చలు లేస్తాయని పిల్లలందరికీ ఇళ్లలో చెప్పారు. కాబట్టి తాగలేదు.

కొండబాబుకు ఈ విషయం చెప్పకపోవడానికి కారణం ఉంది. కిందటి ఏడు, గోడ దూకి సెకండ్ షోకు వెళ్లినవాళ్లెవరో అతను కనిపెట్టి మెస్సులో పేర్లు చదివాడు. ఆఖరున తన పేరు కూడా చదివాడు.

ఆ సాయంత్రం నానాజీ నాగబాబు గదికి వెళ్లాడు.

"ఆవిడ పొట్ట కొట్టీసినట్టే కదరా. సార్‌తో సెప్పీద్దాం."

"సెప్తే మా యమ్మని ఈ సుట్టుపక్కలకి రానిస్తారేటి?"

"మరేటి సేద్దాం?"

"వచ్చే బుధవారం మధ్యాన్నం ఎవులూ ముట్టొద్దు. సంచి మెస్సు అటక మీద పడీద్దాం. సాయంత్రం సార్ ఎదర అందరం పాలు తాగీద్దాం. నెత్తళ్లు మర్నాడు తిందాం."

"సేప పక్కనుండగా ఒక పూట ఆగుతావేటి?"

"జోగులమ్మ కోసం ఆగుతాను."

జూలై 29, బుధవారం మధ్యాహ్నం హాస్టలంతా పప్పుతో అన్నం తింది. గోనెసంచి అటక ఎక్కింది.

సాయంత్రం ఎవరూ చూడకుండా కొండబాబు కూడా అటక ఎక్కాడు. పాలు వచ్చినప్పటి నుంచి హంతకుడి చేతుల మీద కన్ను వేసి ఉంచాలని అతని పథకం. తలకింద ఎత్తు కోసం చేతికందిన గోనెసంచి పెట్టుకున్నాడు. అందులో ఏముందో అతని ముక్కుకు తెలియలేదు. హాస్టలు పిల్లికి తెలిసింది.

కింద జోగులమ్మ పాలు పోసింది. దేవుళ్లు గారు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు.

"తాగండి," అన్నారు.

నానాజీ గ్లాసు ఎత్తాడు. నాగబాబు ఎత్తాడు. జోగులమ్మ కొంగు చేత్తో పట్టుకుని చూస్తోంది.

"ఎవర్రా అది? నా తల వదులు!" అన్న కేక అటక మీద నుంచి వినిపించింది. తర్వాత పిల్లి అరుపు. తర్వాత చెక్క విరిగిన చప్పుడు.

ముందు పిల్లి పడింది. తర్వాత కొండబాబు, అతనితో పాటు సంచి. బల్ల మీద గ్లాసులన్నీ దొర్లాయి. పాలలో నెత్తళ్లు పరుచుకున్నాయి.

దేవుళ్లు గారు జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. "ఇవేమిటి?"

కొండబాబు లేచాడు. జుట్టులోంచి ఒక నెత్తలి తీసి భూతద్దంతో చూశాడు. "విషం, సార్! కళ్లున్న విషం!"

"నెత్తళ్లురా," అన్నాడు నానాజీ.

జోగులమ్మ బల్ల దగ్గరికి వచ్చింది. చేపల్ని చూసింది, పిల్లల్ని చూసింది.

"బుధవారం బుధవారం ఇవి తింతన్నారేటి?"

పిల్లలు నాగబాబు వైపు చూశారు.

"తిన్నారా, నేదా?"

"తిన్నామమ్మా," అన్నాడు నాగబాబు. "ఇయ్యాల మాత్రం తిన్నేదు. నీకోసం."

"ఓరి నా బాబుల్లారా! సేపలు తిని పాలెలా తాగుతారు? ఒళ్లంతా మచ్చలు లెగిసిపోవా? సారూ, ఇదండీ సంగతి. నా పాలల్లో ఏటీ నేదు."

"అది వట్టి నమ్మకం," అన్నారు దేవుళ్లు గారు.

"మీరు సేపలు తినరు కదండీ, మీకేటి?"

ఆయన నాగబాబు వైపు తిరిగారు. "హాస్టల్లోకి నీచు తేకూడదని తెలీదా?"

"కాల్షియం కోసమండి."

"కాల్షియం పాలలో ఉంటుంది."

"ముల్లుతో పాటు నమిలీసే సిన్న సేపల్లో కూడా ఉంటాదని డాక్టరు గారు మీటింగులో సెప్పారు సార్. మీరప్పుడు లేరు."

దేవుళ్లు గారు మీటింగులో చేప అనే మాట దగ్గర లేచి బయటికి వెళ్లిపోయారు. అది కాలేజీ అంతా చూసింది.

"అయితే బుధవారం పాలు పొద్దున్నే తెచ్చీనా సారూ?" అంది జోగులమ్మ. "నెత్తళ్లు మధ్యాన్నం కదా. అప్పటికి పాలు అరిగిపోతాయి."

"తే," అన్నారు దేవుళ్లు గారు రుమాలు తీయకుండా. నాగబాబు వైపు తిరిగి, "నువ్వు, నీ చేపలు పెరట్లో. నా కంటికి కనిపించకూడదు."

"కేసు ఛేదించాను సార్," అన్నాడు కొండబాబు.

"అటకని కూడా," అన్నాడు నానాజీ.

కొండబాబు బల్ల మీద పొడిగా మిగిలిన నెత్తళ్లు ఏరి కాగితంలో పొట్లం కట్టాడు. దాని మీద 'సాక్ష్యం. ముట్టుకోరాదు' అని రాసి దిండు కింద పెట్టుకున్నాడు.

ఆగస్టు 5, బుధవారం ఉదయం ఏడు గంటలకు జోగులమ్మ రెండు క్యాన్లతో దిగింది. గ్లాసులన్నీ ఖాళీ అయ్యాయి, ఒక్కటి తప్ప. అది కొండబాబుది. నానాజీ గదికి వెళ్లి దిండు ఎత్తాడు. పొట్లం ఉంది. అందులో తోకలే ఉన్నాయి.