క్యాబేజీ పీపాలో రోమన్ పెద్దమనిషి

మా విద్రోవెత్స్ పట్టణంలో నడవడం సులభమని ప్రభుత్వం వారు ధ్రువీకరించిన సంగతి ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమైనది. ఇన్నాళ్ళూ ఈ విషయం మాకు తెలియదు. తెలియక కష్టపడి నడిచేవాళ్ళం.

డాన్యూబ్ నది ఒడ్డున, రెండువేల ఏళ్ళ కిందట రోమన్ సైన్యం దిగిన చోటే మా ఊరు ఉంది. వాళ్ళు కోట కట్టారు, స్నానశాలలు కట్టారు, రోడ్లు వేశారు, వెళ్ళిపోయారు. తర్వాత వచ్చిన మా పూర్వీకులు ఆ కోటను విప్పి ఇళ్ళు కట్టుకున్నారు. అందుచేత మా ఊళ్ళో రోమన్ వైభవానికి కొదవ లేదు గాని, అది చాలావరకు వంటిళ్ళలో ఉంది. మేయర్ ఖరలాంపి గారి గుమ్మం ముందు మెట్టు ఒక స్తంభం పీఠం. చర్చి వెనక పందులు నీళ్ళు తాగే తొట్టి ఒకప్పుడు ఒక సేనాధిపతి శవపేటిక. పందులకు ఆ సంగతి తెలియదు. సేనాధిపతి తరఫున కూడా ఇంతవరకు ఫిర్యాదు ఏదీ అందలేదు. అందితే నాకు తెలిసేది, ఎందుకంటే మునిసిపాలిటీలో అర్జీలు తీసుకునే బల్ల దగ్గర నలభై ఏళ్ళు కూర్చున్నవాణ్ణి నేనే.

కిందటి వేసవిలో రాజధాని సోఫియా నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. నదీతీరాన చరిత్ర కలిగిన పట్టణాలు 'సులభ నడక' బిరుదుకు దరఖాస్తు చేసుకోవచ్చునట. నడక రెండు గంటలు దాటకూడదు. దారిలో పన్నెండు రోమన్ అవశేషాలు కనబడాలి. చివరి షరతు మాత్రం రాజధానిలో ఎవరో అనుభవజ్ఞుడు రాసినట్టుంది: పరిశీలనకు వచ్చే అధికారి నిండా రకియా పోసిన చిన్న గ్లాసు చేత్తో పట్టుకుని దారి పొడుగునా నడుస్తారు, ఒక్క చుక్క కూడా నేల మీద ఒలకకూడదు. రకియా అంటే మా ఊళ్ళో ప్లమ్ పళ్ళతో ఇంటింటా కాచే సారా. దాన్ని నేల మీద ఒలకబోసే అలవాటు మా వంశాల్లో లేదు కనుక, బిరుదు మాదేనని మేయర్ గారు ఆ రోజే ప్రకటించారు.

వెంటనే ఒక సంఘం వేశారు. పదవీ విరమణ చేసి ఖాళీగా ఉన్నానని నన్ను కార్యదర్శిని చేశారు. మా ఇల్లు ఊరి చివర, వాగుకు అవతల ఉంటుంది. వాగు మీద రెండు చెక్కలు వేసి ఉంటాయి. ఒకటి ఊగుతుంది, ఇంకొకటి ఊగేదాని మీద ఆధారపడి ఉంటుంది. నేను సమావేశాలకు తడిసిన బూట్లతో హాజరయ్యేవాణ్ణి, నడకను సులభం చేసే మార్గాలు చర్చించేవాణ్ణి.

సంఘం చేసిన పని సామాన్యమైనది కాదు. బజారు వీధిలో గుంతలు పూడ్చడానికి వ్యవధి లేదు గనుక, వాటి చుట్టూ తాడు కట్టి 'తవ్వకాలు జరుగుచున్నవి, రెండవ శతాబ్దం' అని బోర్డులు పెట్టించాం. ఎదురు ఎక్కు ఉన్న చోటల్లా 'సుందర దృశ్యం' అని రాయించాం, దాంతో ఆయాసపడేవాళ్ళు దృశ్యం చూడ్డానికి ఆగినట్టయింది. మా ఊళ్ళో ఏ దారి అడిగినా, ఎంత దూరమైనా, 'ఐదు నిమిషాలు' అని చెప్పడం ఆచారం. ఆ ఆచారాన్ని గౌరవించి దూరం తెలిపే బోర్డులన్నింటి మీదా ఐదు నిమిషాలనే రాయించాం. వీధికుక్కలు పరాయివాళ్ళ వెంట ఎలాగూ పడతాయి కాబట్టి వాటి మెడలకు పచ్చ రిబ్బన్లు కట్టి స్థానిక మార్గదర్శకులుగా నమోదు చేశాం. ఒకదానికి మాత్రం కట్టలేకపోయాం. అది మార్గదర్శకత్వానికి అతీతమైనది.

అన్నీ అమిరాయి గాని అవశేషాలు పదకొండు దగ్గర ఆగిపోయాయి. పన్నెండోదిగా లెక్కలో పెట్టుకున్న పాలరాతి తలను సబ్బుతో కడిగి చూస్తే, అది రోమన్ చక్రవర్తిది కాదు, వెనకటి కమ్యూనిస్టుల కాలం నాటి పార్టీ కార్యదర్శిదని తేలింది. ఆయన చెల్లెలు వచ్చి గుర్తుపట్టింది కూడా.

అప్పుడు రంగంలోకి దిగినవాడు మా మ్యూజియం అధికారి ఎవ్లోగి. మహా పండితుడు. పోస్టులో పాఠాలు తెప్పించుకుని లాటిన్ నేర్చిన మనిషి. రాయి కనబడితే చాలు, దాని మీద లాటిన్ తప్ప మరొకటి చూడడు. నవంబరు నెల వచ్చింది, ఊరంతా చలికాలానికి క్యాబేజీ ఊరబెట్టుకునే రోజులు. ఉప్పునీళ్ళ పీపాలో క్యాబేజీలు పైకి తేలకుండా ప్రతి ఇంట్లోనూ ఒక బరువైన రాయి పెడతారు. ఊళ్ళో మంచి రాళ్ళన్నీ ఆ పీపాల్లోనే ఉంటాయని ఎవ్లోగి ఊహించాడు. టార్చి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి మూతలు ఎత్తించాడు. నాలుగు రోజులు అతని ఒంటినుంచి వచ్చిన వాసన శాస్త్రపరిశోధనకు తగినట్టే ఉంది.

ఐదో రోజు కుమ్మరి సందు చివర త్సోనా ఇంటికి వెళ్ళాడు. త్సోనా ఊరందరికీ అవ్వ, నాకు అక్క వరస. డెబ్బై ఆరేళ్ళు, భర్త మెతోది పోయి చాలా కాలమైంది. కుమ్మరి సందులో పూర్వం కుండలు చేసింది అక్కడి మట్టితోనే, అది ఇప్పటికీ అంతే జిగురుగా ఉంది. వాన పడితే సందు సందంతా కుమ్మరికి సిద్ధం చేసిన ముద్దలా ఉంటుంది. మందుల షాపుకు వెళ్ళాలంటే ఆవిడకు వేరే దారి లేదు. రెండేళ్ళ కిందట అందులో జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఒక చెప్పు బురదలో దిగిపోయింది, అది ఇప్పటికీ అక్కడే ఉంది. ఇంకోసారి పడితే మళ్ళీ లేచి నడుస్తుందన్న పూచీ తనది కాదని డాక్టరు చెప్పాడు. సందులో కాలిబాట వేయించమని ఏటా రెండు అర్జీలు పెట్టేది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ప్రతి అర్జీనీ నేనే స్వయంగా అందుకుని, 'పరిశీలనలో ఉన్నది' అని గుండ్రటి దస్తూరీతో రాసి భద్రపరిచాను. నా దస్తూరీని ఆవిడ ఎప్పుడూ మెచ్చుకునేది.

ఎవ్లోగి ఆవిడ నేలమాళిగలో పీపా మూత ఎత్తి, వెలుగు వేసి, ఉప్పునీళ్ళ కింద చూశాడు. రాయి మీద అక్షరాలు. పై వరుసలో నాలుగు, కింది వరుసలో మూడు, మిగతా భాగం విరిగిపోయి ఉంది.

"తీతుస్ పొతోయాపుస్," అన్నాడు. "అవ్వా, నీ పీపాలో ఉన్నది ఎవరనుకున్నావు? రోమన్ పెద్దమనిషి."

త్సోనా కాసేపు రాయి వంకా, కాసేపు అతని వంకా చూసిందట. తర్వాత చేతులు ఏప్రానుకు తుడుచుకుని, "బాగా పెద్దమనిషేనా నాయనా?" అని అడిగింది.

"చాలా పెద్దమనిషి. పేరు రాతి మీద చెక్కించుకున్నాడంటేనే తెలియడం లేదూ?"

"అయితే ఆయన్ని చూడ్డానికి పెద్ద పెద్దవాళ్ళు వస్తారు," అంది త్సోనా. "పాపం, బురదలో ఎలా వస్తారో."

ఆ సాయంత్రమే మేయర్ గారు వచ్చారు. నేనూ వెంట ఉన్నాను. సందు మధ్యలో ఆయన ఎడమ బూటు భూమికి అంకితమైపోయింది. ఒంటి బూటుతోనే హుందాగా నేలమాళిగలోకి దిగి, రాయిని జాతి సంపదగా ప్రకటించి, మ్యూజియానికి తరలించమని ఆజ్ఞాపించారు. త్సోనా పీపాకు అడ్డంగా నిలబడింది.

"రాయి తీస్తే క్యాబేజీ తేలుతుంది. తేలితే బూజు పడుతుంది. చలికాలమంతా నేనేం తినాలి, మీ బిరుదా?"

"ఇంకో రాయి పెట్టుకో అవ్వా, నేను పంపిస్తాను," అన్నారు మేయర్ గారు.

"మధ్యలో రాయి మారిస్తే ఊట విరిగిపోతుందని నీకు మీ అమ్మ చెప్పలేదా? నికోలాస్ పండగ దాకా ఆయన ఎక్కడికీ రాడు. కావలసినవాళ్ళు ఆయన దగ్గరికి రావాలి."

మేయర్ గారు ఉత్తర్వులకు భయపడరు, కోర్టులకు భయపడరు. కాని ఊరే క్యాబేజీని మధ్యలో కదిపినవాడికి మా ఊళ్ళో మళ్ళీ ఎవరూ ఓటు వేయరని ఆయనకు తెలుసు. నికోలాస్ పండగ డిసెంబరు ఆరున. పరిశీలన నవంబరు ఇరవై ఐదున. ఆయన తన సాక్సు వంక చూసుకుని దీర్ఘంగా ఆలోచించారు.

తొమ్మిది రోజుల్లో కుమ్మరి సందుకు కాలిబాట పడింది. బూడిదరంగు పలకలు, ఒక పక్క పట్టుకుని నడవడానికి ఇనుప కమ్మీ, రెండు బెంచీలు, ఒక దీపస్తంభం, నేలమాళిగ మెట్లకు రబ్బరు పట్టీలు. తవ్వుతుండగా మేయర్ గారి బూటూ త్సోనా చెప్పూ పక్కపక్కనే దొరికాయి. ఆవిడ అర్జీలు ఇంకా పరిశీలనలోనే ఉన్నాయి. ఈ పనికీ వాటికీ సంబంధం లేదని దస్త్రంలో స్పష్టంగా రాశాను.

ప్రారంభోత్సవంలో బ్యాండు మోగింది. మేయర్ గారు బెంచీ ఎక్కి మాట్లాడారు. "సోదర సోదరీమణులారా, తీతుస్ పొతోయాపుస్ గారు ఈ పట్టణానికి చేసిన సేవ ఏమిటో చరిత్రకు తెలియదు. చరిత్రకు కూడా తెలియనంత నిరాడంబరంగా సేవ చేశారంటే ఆయన ఎంతటి మహానుభావుడో మీరే ఆలోచించండి. నేనూ ఆయన అడుగుజాడల్లోనే నడుస్తున్నాను. నా సేవ కూడా మీకు కనబడకపోవచ్చు." జనం చాలాసేపు చప్పట్లు కొట్టారు. ఇంత నిజం ఆయన నోట వినడం మాకు అదే మొదటిసారి.

పరిశీలనకు వచ్చిన ఇస్క్రా వేలెవా గారు కచ్చితమైన అధికారిణి. నిండు గ్లాసు పట్టుకుని ఉదయం పదింటికి బయలుదేరారు. మొదటి అవశేషం మేయర్ గారి గుమ్మం మెట్టు. అక్కడ మేయర్ గారి భార్య ఎదురొచ్చి, చేతిలో గ్లాసు ఉన్న అతిథి దాన్ని తాగకుండా గుమ్మం దాటితే ఆ ఇంటికి అవమానమని విన్నవించింది. వేలెవా గారు షరతుల కాగితం తీసి చదువుకున్నారు. ఒలకకూడదని ఉంది గాని తాగకూడదని లేదు. తాగారు. వెంటనే మళ్ళీ నింపారు. రెండో అవశేషం పందుల తొట్టి. పందుల యజమాని రకియా ఇంకా మంచిది. ఇలా ప్రతి గుమ్మం దగ్గరా ఖాళీ అవుతూ, నిండుతూ గ్లాసు ముందుకు సాగింది. ఏడో అవశేషం తర్వాత ఆవిడ రిబ్బను లేని కుక్కతో కరచాలనం చేశారు, అది కూడా అభ్యంతరం చెప్పలేదు. పన్నెండోదాని దగ్గర, త్సోనా నేలమాళిగలో, పీపా లోపలికి తొంగి చూసి రోమన్ పెద్దమనిషికి వంగి నమస్కారం చేశారు.

తిరిగి వచ్చాక గ్లాసు కొలిచి చూస్తే బయలుదేరినప్పటికంటే నిండుగా ఉంది. 'ఈ నడక ఎంత సులభమంటే నేను నడిచినట్టే నాకు గుర్తు లేదు' అని ఆవిడ నివేదికలో రాశారు. మాకు బిరుదుతో పాటు మూడు నక్షత్రాలు వచ్చాయి.

నికోలాస్ పండగ రోజున త్సోనా నన్ను భోజనానికి పిలిచింది. వాల్‌నట్లు కూరిన చేపా, కొత్త క్యాబేజీ ఆకుల్లో చుట్టిన అన్నమూ ముద్దలు ముద్దలుగా తిన్నాం. ఆవిడ ఆ ఉదయమే మందుల షాపుకు వెళ్ళి వచ్చానని, కమ్మీ కూడా పట్టుకోలేదని చెప్పింది. చెబుతున్నప్పుడు ఆ ముఖం చూసి నాకు నిజంగా సంతోషం కలిగింది, కొంచెం సిగ్గు కూడా కలిగింది. తర్వాత నన్ను నేలమాళిగలోకి తీసుకెళ్ళి, ఊట కారుతున్న రాయిని వెలుతురు వైపు తిప్పింది.

"నువ్వు చదువు తమ్ముడూ. లాటిన్‌లో కాదు, మనలాగా చదువు."

మా లిపికీ రోమన్ల లిపికీ కొన్ని అక్షరాల ఆకారం ఒకటే, పలుకు వేరు. మేం 'ర' అని రాస్తే వాళ్ళు దాన్ని 'ప' అంటారు. మేం 'స' అని రాస్తే వాళ్ళకు అది 'క'. ఎవ్లోగి తీతుస్ అనుకున్న మొదటి 'త'ను విడదీయకుండా, అతను చదివిన 'ప'లను 'ర'లు చేసుకుంటూ నేను రెండు వరుసలూ కలిపి చదివాను. 'త్రొతొఆర్' అని ఉంది. మా భాషలో ఆ మాటకు కాలిబాట అని అర్థం. పండితుడు లాటిన్ అన్నాక మనలాగా చదివి చూడాలని ఊళ్ళో ఎవరికీ స్ఫురించలేదు.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. నలభై నాలుగేళ్ళ కిందట, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, కుమ్మరి సందులో కాలిబాటకు శంకుస్థాపన జరిగింది. బ్యాండు మోగింది. కత్తెర పళ్ళెం పట్టుకున్నది నేనే. మర్నాటినుంచి ఎవరూ రాలేదు, శిలాఫలకం ఒక్కటే బురదలో నిలబడి ఉండిపోయింది.

"పదేళ్ళు చూశాడు మా ఆయన," అంది త్సోనా. "ఎవరికీ పనికిరాకుండా ఎందుకని పెరుక్కొచ్చి పీపాలో వేశాడు. నేను మీకు కాగితాలు రాసుకుంటూ కూర్చున్నాను. దాన్నే తెచ్చి మీ బల్ల మీద పెట్టాల్సింది."

"మన భాషలో ఉంటే పరిశీలనలో పెట్టేవాణ్ణి అక్కా," అన్నాను. అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఎవ్లోగికి ఈ సంగతి చెప్పలేదు. పండితుణ్ణి బాధపెట్టడం మంచిది కాదు. పైగా తీతుస్ పొతోయాపుస్ మీద అతను రాసిన పుస్తకం అచ్చులో ఉంది.

ఆ మధ్యాహ్నం చెక్కల మీదుగా వాగు దాటి, బూట్లు తడుపుకుని, తిన్నగా మా నేలమాళిగలోకి దిగాను. మా నాన్న నాటి రాయి మా పీపాలోనూ ఉంది. తుడిచి చూశాను. నాలుగక్షరాలు. మా లిపిలో 'మొస్త్', అంటే వంతెన. నేను పుట్టకముందు ఎవరో చేసిన శంకుస్థాపన. దాన్నే రోమన్లలాగా చదివితే 'మ. ఒక్త్.' అవుతుంది. ఎవ్లోగిని పిలిచాను. అతను రాయిని కౌగిలించుకుని మార్కుస్ ఒక్తావియుస్ అని ఏడ్చాడు. మేయర్ గారికి కబురు వెళ్ళింది. వంతెన వేసవికల్లా పూర్తవుతుందని, అతిథుల సౌకర్యార్థం రెండు వైపులా దీపాలు కూడా పెడతారని తెలిసింది. మా వాగు అవతలి ఇళ్ళవాళ్ళందరూ ఇప్పుడు అర్జీలు మానేసి పీపాలు కడుగుతున్నారు.

మా ఊరికి రోడ్లు వేసింది రోమన్లేనని బడి పుస్తకాల్లో ఉంటుంది. ఆ వాక్యం మార్చవలసిన అవసరం ఇంతవరకు రాలేదు. మీ వీధి మలుపులో కూడా ఒక శిలాఫలకం గడ్డిలో నిలబడే ఉండి ఉంటుంది. దాన్ని అక్కడే వదిలేయకండి. ఇంటికి తెచ్చి, మీ ఊరగాయ జాడీ మీద బరువుగా పెట్టి, లాటిన్ వచ్చిన మనిషి కోసం ఎదురు చూడండి.