రత్నరాజు గారి ఇంటి కార్డు

బందరులో కొత్తగా కట్టుకున్న ఇంటికి శనివారం గృహ ప్రార్థన. మంగళవారం ఉదయం కాఫీ తాగుతూ రత్నరాజు గారు తన నిర్ణయం ప్రకటించారు. ఆహ్వానం ప్రెస్సులో వేయించరు, కంప్యూటర్లో తానే తయారుచేస్తారు.

"ముప్పై ఏళ్ళు డ్రాయింగు మాస్టారుగా చేశాను. నా ఇంటి కార్డు ఇంకొకడు వెయ్యడమేంటి?"

"వెయ్యండి. ప్రార్థన అయ్యాక కాకుండా ముందే వెయ్యండి, అంతే," అంది భార్య కృపాకుమారి.

రెడీమేడ్ బొమ్మలు ఏరి అతికించుకునే సాఫ్ట్‌వేర్ కావాలి. మొదటిది ప్రతి బొమ్మ మీదా తన పేరు అడ్డంగా ముద్రించుకుంది. రెండోదానికి తెలుగు రాదు. 'క్రీస్తు'లో వత్తులు ఊడి పక్కన నిలబడ్డాయి. మూడోదాంట్లో లక్ష క్లిప్ ఆర్టులున్నాయి కానీ ఇళ్ళన్నిటి మీదా మంచు పేరుకుని ఉంది. నాలుగోది గురువారం సాయంత్రం దొరికింది. ఎర్ర పెంకుల ఇల్లు, గులాబీలు, గేటు పక్కన ఏదో ఐరోపా భాషలో చిన్న బోర్డు. ఇంటి పేరు కాబోలనుకున్నారు. 'మొత్తం తెలుగులోకి' అన్న బటన్ కూడా ఉంటే నొక్కారు. బైబిలు వాక్యంలో ఒక్క వత్తూ ఊడలేదు. ఆ సంతోషంలో కార్డును రెండువందల మందికి వాట్సాప్‌లో పంపేశారు.

బోర్డు కూడా తెలుగులోకి మారిన సంగతి ఆయన చూడలేదు. దాని మీద 'ఈ ఇల్లు అమ్మబడును' అని ఉంది.

శుక్రవారం పొద్దున్నే గుడివాడ నుంచి ఎవరో, కార్డు తమదాకా వచ్చిందంటూ ఫోన్ చేశారు.

"నీళ్ళు ఎలా ఉంటాయండీ?"

"తియ్యగా ఉంటాయండీ," అన్నారు రత్నరాజు గారు, మనుషుల్లో ఇంకా ఇంత ఆప్యాయత ఉందా అని మురిసిపోతూ.

"ఎప్పుడొచ్చి చూడమంటారు?"

"రేపే రండి. భోజనం ఇక్కడే!"

పదకొండు గంటల లోపల ఇలా ఏడుగురిని పిలిచారు. అప్పుడే నాగాయలంక నుంచి బావమరిది తోమాసు, రొయ్యల చెరువు బురద కాళ్ళతోనే దిగాడు.

"ఏంటి బావా ఇది? ఎండలో నిలబడి అక్క తడిపిన గోడలు! ప్రార్థన చేయించి మరీ అమ్మేస్తావా?"

వంటింట్లోంచి వచ్చిన కృపాకుమారి గడప మీద కూలబడింది.

"దేవుడి తోడు, నాకేం తెలీదు కుమారీ!" అంటూ రత్నరాజు గారు కార్డును పెద్దది చేసి చూశారు. బోర్డు కనబడింది.

కృపాకుమారీ చూసింది. "ముప్పై ఏళ్ళ డ్రాయింగు మాస్టారు ఇల్లొకటి గీసుకోలేకపోయారా?" అంది.

ఆయన వెంటనే 'మా ఇల్లు అమ్మకానికి లేదు' అని అందరికీ పంపారు. బేరం కుదిరిపోయినందుకు నలభై మంది అభినందించారు.

శనివారం పందిరి చాలలేదు. పాస్టరు గారు సైతం "ఈ కుటుంబం ఇక ఎక్కడికి వెళ్ళినా తోడుండు ప్రభువా" అని ప్రార్థించారు. ఉయ్యూరు నుంచి ఇల్లు కొనడానికి వచ్చిన పిచ్చేశ్వరరావు దంపతులు విషయం తెలిసి నొచ్చుకున్నారు, బిర్యానీ మాత్రం తిన్నారు. పక్కింటి వెంకటాద్రి, రెండేళ్ళుగా తన ఇల్లు అమ్ముడుపోక విసిగి ఉన్న మనిషి, వాళ్ళను చేతులు కడుక్కునే దగ్గరే పట్టుకుని తన గుమ్మంలోకి తీసుకెళ్ళాడు. సాయంత్రానికి బేరం కుదిరింది.

వెళ్తూ వెళ్తూ పిచ్చేశ్వరరావు గారు రత్నరాజు గారి చేతులు పట్టుకున్నారు. "మీ కార్డు పుణ్యమేనండీ! మా గృహప్రవేశం కార్డు కూడా మీరే వెయ్యాలి."

రత్నరాజు గారు భార్య వంక చూశారు.

"వేస్తారండీ," అంది కృపాకుమారి. "కాకపోతే ఆ ఇంట్లో ఎన్నాళ్ళుండాలనుకుంటున్నారో ముందు ఆలోచించుకోండి."