పెద్దులు చేతుల మీద పదకొండు మంది

వైద్య చరిత్రకారులు ఏమైనా రాసుకోనీ, మనుషుల చేతులు రెండే రకాలు: టీకా పడే చేతులు, టీకా పడినట్టు రాసుకునే చేతులు. ఈ రెండూ ఒకే మనిషివి కావాలని ఏ శాస్త్రంలోనూ లేదు. ఈ సత్యాన్ని లండనులోని పెద్ద పెద్ద డాక్టర్లు కనిపెట్టలేకపోయారు. ఫసలీ 1347లో (ఇంగ్లీషు లెక్కకు 1938 అనుకోండి) మహబూబ్‌నగర్ జిల్లాలో, కోస్గికి ఆరు క్రోసుల దూరాన ఉన్న ఉప్పరపెంట అనే ఊరు కనిపెట్టింది. అందుకు ఇంతవరకు ఆ ఊరికి ఎవరూ ఒక పూలదండ కూడా వేయలేదు. మనవాళ్లకు మంచిని గుర్తించే అలవాటు తక్కువ.

ముందు ఇంగ్లీషువారికి చెందవలసిన గౌరవం వారికి చెల్లించేద్దాం. వారు ఈ దేశానికి వచ్చిన కొత్తలో ఇక్కడి జ్వరాలకు కుప్పలుగా పోయారు. పోగా మిగిలినవారు కూర్చుని ఆలోచించి, జనం రోగాలతో చావడం పెద్ద తప్పు కాదు గాని, లెక్కలో పడకుండా చావడం మహాపరాధం అని తేల్చారు. అప్పటి నుంచి మన దేశంలో మందు కంటే ముందు రిజిస్టరు వస్తుంది. (మందు ఒక్కోసారి రాదు. రిజిస్టరు రాని ఊరు నేను చూడలేదు.) నిజాం ఇలాకా ఇంగ్లీషు ఇలాకా కాదు, నిజమే. కానీ పక్కింటివాళ్లు కొత్త వస్తువు కొంటే మనకు నిద్ర పడుతుందా? టీకా, రిజిస్టరు, తనిఖీ మూడూ సరిహద్దు దాటి వచ్చాయి. వచ్చి శుభ్రంగా ఉర్దూ నేర్చుకున్నాయి.

ఉప్పరపెంటకు వచ్చింది హుకుం నంబరు ముప్పై ఒకటి. మశూచి రాకుండా ప్రతి ఇంటిలోని ప్రతి తలకూ ఒక టీకా గాటు పడవలెను, గ్రామ పెద్దల ఇళ్లతో మొదలుపెట్టవలెను, గాట్లన్నీ ఎనిమిదో రోజున తనిఖీకి చూపించవలెను. పట్వారీ కిష్టయ్య పంతులు గారు దీన్ని దొర గారి గడీలో (గడీ అంటే కోటలాంటి ఇల్లు) దొర ముందు మూడుసార్లు చదివారు. ముత్యంరావు దొర మూడుసార్లూ తల ఊపారు.

దొరకు వచ్చిన చిక్కు రెండు వైపులా ఉంది. ఒకటి, ఆ మందు దూడ పొట్ట మీద నుంచి తీసినదట. రెండు, దాన్ని గీకేది ఏసోబు. ఏసోబు పక్క ఊళ్లో, ఊరికి ఎడంగా ఉండే వాడలో పుట్టి, మహబూబ్‌నగరు (జనం నోట పాలమూరు) మిషను బడిలో చదువుకుని, టీకాలు వేసే సర్కారు నౌకరీ సంపాదించినవాడు. అతడు దొర చేయి పట్టుకోవడమా! శివ శివా. అలాగని హుకుం తోసేయడానికి లేదు. దొర కాసేపు మీసం దువ్వి, తరతరాల పాలనానుభవంతో తీర్పు చెప్పారు.

"సర్కారు హుకుం అంటే నాకు గౌరవమే పంతులూ. కట్టెలు పంపుమంటే పంపిన. కోళ్లు పంపుమంటే పంపిన. ఇప్పుడు చేతులు పంపుమంటున్నరు. పెద్దులుగాన్ని పంపుండి."

పెద్దులు గడీ వెట్టివాడు. (వెట్టి అంటే తెలియని అదృష్టవంతులకు: కూలి లేని పని, సెలవు లేని పని, తాత చేశాడు గనక మనుమడూ చేయవలసిన పని.) కట్టెలు కొట్టింది అతడే, కోళ్లు పట్టుకొచ్చింది అతడే. కనుక గడీ వారి పదకొండు టీకాలూ అతడే వేయించుకోవడంలో ఉప్పరపెంటలో ఎవరికీ వింత కనిపించలేదు. ఒక్క ఏసోబుకే కనిపించింది. చదువుకున్నవాడితో వచ్చే తంటా ఇదే.

"అయ్యా, గాటు ఈనకు పడితే రోగం దొరకు ఎట్ల ఆగుతది?" అన్నాడు ఏసోబు.

"ఇన్నేండ్ల సంది కట్టెల మోపు వాడు మోస్తే పొయ్యి గడీల మండలేదా?" అన్నారు పంతులు గారు.

దీనికి మిషను బడిలో జవాబు నేర్పలేదు. పైగా గడీ పేర్లు ఖాళీగా ఉంటే పోయేది ఏసోబు నౌకరీ. అతడు కత్తి తుడిచి పెద్దులు కుడిచేతి మీద ఆరు, ఎడమచేతి మీద ఐదు గాట్లు గీశాడు. ఒక్కొక్క గాటుకూ పంతులు గారు ఒక్కొక్క పేరు చదివి రిజిస్టరులో టిక్కు పెట్టారు. గడీ తరువాత పటేలు ఇల్లు, తరువాత కోమట్ల ఇళ్లు, ఆ తరువాత పెద్ద రైతులు. ఏసోబు తెచ్చింది నలభై మందికి సరిపోయే మందు.

వరుస చివర పెద్దులు భార్య మైసమ్మ, ఐదేళ్ల కూతురు జంగమ్మను చంకనేసుకుని పొద్దుటి నుంచి నిలబడి ఉంది. టీకాలవాడు వచ్చాడంటే ఊళ్లో ఆడవాళ్లు పిల్లలను గాదెల్లో దాచేవారు. ఎదురు వచ్చింది మైసమ్మ ఒక్కతే. అంతకు మూడేళ్ల కింద ఆమె ఇద్దరు పిల్లలకు తల్లి పోసింది. (మశూచిని ఆ ఊళ్లో రోగమనరు, తల్లి అంటారు.) ఒకే వారంలో ఇద్దరూ పోయారు. ఆమెకు ఇంగ్లీషువారి సంగతి తెలియదు, హుకుం నంబరు తెలియదు. ఏసోబు వాళ్ల వాడలో ఆ గాటు పడ్డ పిల్లలు బతికి తిరుగుతున్నారని మాత్రం తెలుసు. జంగమ్మకు ఆ గాటు కావాలి. ఆమెకు లోకంలో ఇంకేమీ వద్దు.

ఆమె వంతు వచ్చేసరికి ఏసోబు గాజు గొట్టాలన్నీ తిరగేసి చూపించాడు. చుక్క లేదు.

"నా మొగనికి పదకొండు గీకితివి. నా బిడ్డకు ఒక్కటి లేదా ఏసోబన్నా?"

జవాబు పంతులు గారే ఇచ్చారు. "మీ ఇంటికి పదకొండు పడ్డయి కదనే! ఊర్ల ఇంకే ఇంటికన్న గిన్ని పడ్డయా? ఆశకు గూడ ఒక హద్దుండాలె."

"ఎద్దు పుండు కాకికి ముద్దా," అని మైసమ్మ మొహం మీదనే అనేసి, పిల్లను దించి ఏడ్చింది. ఏసోబు పెట్టె సర్దుకుంటూ మెల్లగా అన్నాడు. "చెల్లె, మళ్ల వచ్చినప్పుడు ఒక్క గొట్టం దాసి తెస్త. ఒట్టు."

పెద్దులుకు చేతులు వాచి జ్వరం వచ్చింది. మూడో రోజు నీళ్ల కావడి ఎత్తుకోబోతే దొర అరుగు మీద నుంచి కేక వేశారు. "ఏరా, నా టీకా మీద కావడి పెడ్తవా?" పెద్దులు భయపడి కావడి ఎడమ భుజానికి మార్చుకున్నాడు. ఎడమ వైపున ఉన్నది దొరసాని టీకా. పంతులు గారు నెత్తి కొట్టుకున్నారు. చివరికి పొక్కులు ఎండేదాకా పెద్దులు బరువులు మోయరాదని తీర్మానమైంది. పెద్దులు ఎరిగిన సెలవు అదొక్కటే, అదీ జ్వరంతోనే గడిచింది.

ఎనిమిదో రోజున తనిఖీ సాహెబు గుర్రం దిగారు. గడీ చేతులను హాజరు పరచమన్నారు. పెద్దులు గొంగడి తీసి నిలబడ్డాడు. పంతులు గారు పేర్లు చదువుతుంటే, పేరుకు తగ్గ వైపు తిరిగాడు. దొరసానిది ఘోషా కనుక ఆమె గాటు రాగానే ఇద్దరు మనుషులు అడ్డంగా తెర పట్టారు. సాహెబు మర్యాదస్తులు, మొహం అటు తిప్పుకుని "ఠీక్ హై" అన్నారు. పదకొండు పేర్లు, పదకొండు గాట్లు. లెక్క కలిసిందా లేదా చూడడం ఆయన ఉద్యోగం, కలిసింది. చేతులు ఎన్ని అని అడగడం ఇంకెవరి ఉద్యోగమో, ఆ జాగా భర్తీ అయినట్టు దాఖలా లేదు. నెల తిరగకుండా గడీకి 'నమూనా ఇల్లు' అనే సనదు వచ్చింది. దొర దాన్ని పులితోలు పక్కన వేలాడదీశారు.

అదే రిజిస్టరు చివరి పుటలో ఇంకో వరుస ఉంది. 'పెద్దులు. టీకా వేయించుకొనలేదు. కారణం: మూఢనమ్మకం.'

ఎండలు ముదిరాక మశూచి వచ్చింది. దానికి చదువు రాదు కాబట్టి సనదు చూసి వెనక్కి పోలేదు. మొదట దొరనే పట్టుకుంది. మిగిలిన పది మందీ ఆ పూటే బండ్లు కట్టుకుని హైదరాబాదు పోయారు. పదమూడు రోజులు దొర పక్కన వేపమండలు పట్టుకుని కూర్చున్నది పెద్దులే. అతనికి ఒక్క పొక్కు కూడా లేవలేదు.

"పెద్దులూ, నా గాటు మంచిగనే ఉన్నదారా?" అని అడిగారు దొర, గొంతు పూడుకుపోతుండగా.

పెద్దులు చేయి దగ్గరగా పెట్టి చూపించాడు. "మంచిగున్నది దొరా. చెక్కు గూడ రాలింది."

"మరి నాకెందుకు వచ్చెరా?"

అంతటి దొర అలా అడుగుతుంటే పెద్దులుకు నిజంగానే జాలేసింది. పద్నాలుగో రోజున దొర పోయారు.

పంతులు గారు మశూచి చావు ఒకటి అని రాసి దొర పేరుతో తాలూకాకు పంపారు. వారంలో కాగితం తిరిగి వచ్చింది. 'టీకా పొందిన వ్యక్తి మశూచితో చనిపోవుటకు వీలు లేదు. నమూనా ఇంటి వ్యక్తి అసలే చనిపోరాదు. మరల విచారించి, చనిపోయినవాని సరైన పేరు పంపవలెను.' పంతులు గారు దీపం ముందు పెట్టుకుని విచారించారు. టీకా లేనివాడు, మూఢనమ్మకం గలవాడు, ఈడుకు దొరకు సరిజోడు, రిజిస్టరులో ఒక్కడే దొరికాడు. పెద్దులు మశూచితో చనిపోయాడు. దొర నలభై రెండేళ్ల వయసులో వృద్ధాప్యం వల్ల పోయారు.

ఈ మాట చెవిన పడగానే మైసమ్మ చచ్చిన మొగుణ్ణి వెంటబెట్టుకుని, బిడ్డను ఎత్తుకుని పంతులు గారి ఇంటి ముందుకు వచ్చింది. ఆమె మొహం వెలిగిపోతోంది.

"పంతులూ, నా మొగడు సచ్చిండని రాసినవంట?"

"రాసిన."

"నీ కడుపు సల్లగుండ. సచ్చినోడు వెట్టికి రాడు గద? మేం ముగ్గురం పాలమూరు పోతం. మిషను దవాఖానల నా బిడ్డకు గాటు ఏయించుకుంట. పక్క వాడల తల్లి తిరుగుతాంది, నాకు బుగులైతాంది."

పంతులు గారు ముక్కుపొడి పీల్చి, జాలిగా చూశారు. "వెట్టి మనిషిది కాదే పిచ్చిదానా, ఇంటిది. పెద్దులు పోయిండు గనక ఇంటి వెట్టి వారసురాలికి వస్తది. పొద్దున్నే జంగమ్మను గడీకి పంపు."

పెద్దులు చేతులు జోడించాడు. "బాంచెన్ పంతులూ, నేను ఈడ్నే ఉన్న గద. నేనే వస్త. పసిపిల్ల."

"నువ్వు మాట్లాడకురా. నువ్వు లేవు."

కాసేపటికి, "కావాలంటే పిల్లకు తోడుగ రా, ఎవరొద్దన్నరు," అని కూడా అన్నారు. పంతులు గారిది రాతిగుండె కాదు.

మరునాడు గడీలో కొత్త దొర కొలువు. కొత్త దొర పట్నంలో లా చదువుతున్న పెద్ద కొడుకు. మొదటి పదకొండు మందిలో ఈయన లేరు. ఆ ఉదయమే ఏసోబు దిగాడు. మాట ప్రకారం ఒక్క గొట్టం గుడ్డలో చుట్టి తెచ్చాడు, జంగమ్మ కోసం. కానీ పెట్టె గడీలో తెరవాలని రూలు. తెరిచాడు. పంతులు గారు గొట్టం చూశారు, రిజిస్టరులో కొత్త దొర పేరుకు ఎదురుగా ఉన్న ఖాళీ చూశారు.

కొత్త దొర సైన్సు గొప్పతనం మీద కొంతసేపు మాట్లాడారు. మూఢనమ్మకాల వల్లే దేశం వెనుకబడిందన్నారు. ఏసోబు కత్తి తీసి దగ్గరికి రాగానే మాత్రం కుర్చీ వెనక్కి జరుపుకున్నారు. "నాకు టీకా మీద పూర్తి నమ్మకం ఉన్నది. ఆ పిల్లను పంపుండి."

జంగమ్మ మొదటి వెట్టి అది.

పెద్దులు మైసమ్మ కొంగు పట్టుకుని లాగాడు. "వద్దే. గడీ పేరు చేతి మీద పడ్డదంటే ఇగ పిల్లను ఇడిసిపెట్టరే."

మైసమ్మ కొంగు విడిపించుకుంది. ఆమె కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, నోరు మాత్రం నవ్వుతోంది. పిల్లను ఒళ్లో కూచోబెట్టుకుని చేయి చాపి పట్టుకుంది. "పేరు ఎవ్వనిదన్న రాసుకోని. గాటు నా బిడ్డకు పడాలె. గియ్యి ఏసోబన్నా, జర గట్టిగ గియ్యి!"

ఏసోబు గీశాడు. ఎనిమిదో రోజుకు పొక్కు నిండుగా లేచింది. మైసమ్మ దాన్ని వాడంతా తిప్పి చూపించుకుంది. ఇక జంగమ్మకు మశూచి భయం లేదు.

పంతులు గారు టీకాల రిజిస్టరులో 'కొత్త దొర గారు: టీకా పడినది' అని రాసి సిరా ఆరడానికి ఇసుక చల్లారు. ఆయన ముందుచూపు గల మనిషి. రేపు కొత్త దొర మశూచితో పోతే మళ్లీ తాలూకా నుంచి కాగితం తిరిగి రాకుండా చావుల రిజిస్టరు కూడా తెరిచి, మశూచి వరుసలో జంగమ్మ పేరు అప్పుడే రాసేసి, తారీకుకు మాత్రం జాగా వదిలారు.