'ఊరూరా ఓబులేసు' మూతపడిన శుభసందర్భంగా

ఇంటర్నెట్‌లో బొమ్మల కథ ఒకటి సగంలో ఆగిపోయిందని ధర్మవరం, పెనుకొండ, హిందూపురం వాళ్ళు కొందరు తిండి మానేసి ఏడుస్తున్నారు. ఏడవకండి! అది ఆగిపోవడం మన సీమకు పట్టిన మహాభాగ్యం. ఎట్లాగంటారా? యశోదమ్మ సంగతి వినండి, మీకే తెలుస్తుంది.

యశోదమ్మ ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇల్లాలు. వెనక గదిలో మగ్గం, ముందు గదిలో అద్దెకున్న బాలాజి నెట్ సెంటర్. చీర రంగు షాపువాళ్ళు చెబుతారు, డిజైను షాపువాళ్ళు పంపుతారు, ధర కూడా వాళ్ళే అంటారు. పెళ్ళి నాయన నిశ్చయించాడు, పిల్లల పేర్లు అత్త పెట్టింది. భర్త అంజనప్ప మంచివాడే. "ఏం వండినావు?" అని రోజూ అడుగుతాడు. వండినాక! ఇంత ప్రశాంతమైన బతుకులోకి 2006లో ఓబులేసు సైకిలు తొక్కుకుంటూ వచ్చిపడ్డాడు.

వాణ్ని పుట్టించింది శివకృష్ణ అనే తనకల్లు ఊరి కుర్రాడు. బెంగుళూరులో కంప్యూటర్ ఉద్యోగం చేస్తూ, తీరిక ఎక్కువై బొమ్మలు గీశాడు. ఓబులేసు ఒక బక్కరైతు. సైకిలుకు బిందె కట్టుకుని నీళ్ళు వెతుక్కుంటూ ఊరూరా తిరుగుతాడు. శుక్రవారానికొక బొమ్మ. బొమ్మ కింద ఖాళీ పెట్టె, దానిపైన ఒక ప్రశ్న: "ఓబులేసు ఇప్పుడేం చేయాలి? మీరే చెప్పండి!" ఎక్కువమంది ఏది రాస్తే వచ్చే శుక్రవారం అదే జరుగుతుంది. కథ చెప్పేవాడే కథ ఏమిటని జనాన్ని అడగడమా? ఎక్కడైనా ఉందా ఈ చోద్యం?

ఒక శుక్రవారం యశోదమ్మ బాలాజి భుజం మీదుగా తొంగిచూసింది. తెర మీద ఓబులేసు ఒక దారికి కుక్క, ఇంకో దారికి పోలీసు అడ్డంగా ఉండగా మధ్యలో నిలబడ్డాడు.

"ఏ పక్కకు పొమ్మంటావక్కా?" అన్నాడు బాలాజి నవ్వులాటకు.

ఆమె అటూ ఇటూ చూసింది, అడిగింది తననేనా అని. "ముందు ఆ బిడ్డకు ఇంత సంగటి పెట్టండప్పా. ఎండన పడి వచ్చినాడు," అంది.

బాలాజి దాన్నే ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేశాడు. పెనుకొండలోనూ హిందూపురంలోనూ ఉన్నది ఈ గాలి పీల్చేవాళ్ళే కాబట్టి అందరూ అన్నమే పెట్టమన్నారు కాబోలు, వచ్చే శుక్రవారానికి ఓబులేసు చెట్టు కింద కూర్చుని సంగటి ముద్దలో చెనక్కాయల చట్నీ అద్దుకుంటున్నాడు! యశోదమ్మకు ఒళ్ళు పులకరించింది. తను చెప్పింది జరిగింది! ఈ దేశంలో కలెక్టరు చెప్పిందే జరగదు కదా!

ఇక అనర్థాలు చూడండి. శుక్రవారం వస్తే మగ్గాలు ఆగేవి. ఓబులేసును ఎటు తిప్పాలన్నదాని మీద ఊళ్ళకూ ఊళ్ళకూ పడేది కాదు. "మా వైపు రానీయండి, దుడ్లు లేకున్నా ఊరు చూసిపోతాడు" అని హిందూపురం పట్టుగూళ్ళ వ్యాపారి ఉలిగప్ప అందరికీ ఫోన్లు చేసేవాడు. పెనుకొండలో టీచరు డేవిడ్ వాణ్ని ఎలాగైనా తమ కొండెక్కించాలని చూసేవాడు. "ఎండలో మనిషిని కొండెక్కించే ఊరికి పిల్లనియ్యం" అని హిందూపురం వాళ్ళు ఒక పెళ్ళి సంబంధమే వదులుకున్నారట. ఇంతకంటే దేశానికి ముప్పేముంటుంది?

చివరికి ఓబులేసు ఉన్నదంతా ఊడ్చి ఒక బోరు వేయించాడు. పైపులోంచి ఒట్టి రాతిదుమ్ము లేస్తోంది. ఇప్పుడేం చేయాలి? మూడు ఊళ్ళూ మొదటిసారి ఒక్కమాట మీద నిలబడ్డాయి. నీళ్ళు పడాలి! పడ్డాయి. మూడించుల నీళ్ళు! బోరులో నీళ్ళు పడితే ఏం చేస్తామో యశోదమ్మ అదే చేసింది. మానిటరుకు పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టింది. బాలాజి కీబోర్డు ఆ తీర్థంలోనే కన్ను మూసింది.

మరుసటి వారం మళ్ళీ అదే ప్రశ్న. "పడుకోనీ, అలిసిపోయినాడు," అంది యశోదమ్మ. పడుకున్నాడు. తర్వాతి వారం "ఎద్దులకు నీళ్ళు పెట్టనీ" అంది. పెట్టాడు. ఆపై వారం ఆమెకే విసుగొచ్చింది. "ఇంగేమి చేస్తాడప్పా? నీళ్ళుండాయి గదా, ఇంటికాడే ఉంటాడు!"

నిజమే కదా. బోరులో నీళ్ళున్న మనిషి ఊళ్ళు పట్టుకుని ఎందుకు తిరుగుతాడు? తిరక్కపోతే కథెక్కడిది? మనవాళ్ళ ప్రేమే ఓబులేసు కథను మింగేసింది. శివకృష్ణ చేతులెత్తేశాడు. పెట్టె మాయమైంది.

శుక్రవారాలు బోసిపోయాయి. యశోదమ్మ వచ్చి నిలబడేది. "సైట్ ఓపెన్ అయితాదక్కా, కొత్త బొమ్మే లేదు," అనేవాడు బాలాజి. ఆమె మగ్గం దగ్గరికి వెళ్ళి పరధ్యానంలో ఎర్రంచులో పచ్చపోగు వేసేది. పైకి చెప్పలేదు గానీ ఆమెకు దిగులు ఓబులేసు మీద కాదు, ఆ ప్రశ్న మీద. ఆఖరికి తెగించి బాలాజి చేత శివకృష్ణకు మెయిలు రాయించింది: "నాయనా, మళ్ళా అడుగు. ఏమన్నా చెప్తాము."

జవాబొచ్చింది. "అమ్మా, బోరు ఎండిపోతేనే ఓబులేసు మళ్ళీ రోడ్డెక్కుతాడు. వారం రోజులు పెట్టె తెరుస్తాను. 'ఎండిపోనీ' అని ఒక్కరు రాసినా చాలు, కథ మొదలుపెడతాను."

ఒక్కరు చాలు! డేవిడ్ కుర్రాళ్ళను పోగేసి కంప్యూటరు ముందు కూర్చోబెట్టాడు. నువ్వు రాయంటే నువ్వు రాయమని ఒకరి మొహాలొకరు చూసుకుని టీ తాగి వెళ్ళిపోయారు. ఉలిగప్ప టైపు చేసి, చెరిపేసి, బాలాజికి ఫోన్ చేశాడు. "చేతులు రాలేదప్పా. మా తోటలో బోరు పోయి ఇంగా ఏడాది గాలేదు."

మిగిలింది యశోదమ్మ.

"బొమ్మే గదక్కా. నిజం బోరు కాదు," అన్నాడు బాలాజి.

"బొమ్మైతే? ఆ మాట నోట్లోంచి యాడ వస్తాదప్పా?"

"రాయకుంటే కథ రాదు."

"రాకుంటే పోనీ," అంది. అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆమెకు ఆ కథ ఎంత కావాలో బాలాజికి తెలుసు.

గడువు దాటింది. ఒక్క ఓటూ పడలేదు. శివకృష్ణ దుకాణం కట్టేశాడు.

నేను అనేదేమిటంటే, మంచి పని చేశాడు! బోరు ఎండబెట్టే ముందు మనల్ని అడుగుతాడా? ఏం మర్యాద అది! కాలువ ఎటు మళ్ళాలో, కరెంటు ఎప్పుడు పోవాలో నిర్ణయించే పెద్దలు ఏనాడైనా మనకిట్లాంటి ఇబ్బంది కలిగించారా? ఎండబెట్టదలుచుకున్నవాళ్ళు చప్పుడు చేయకుండా ఎండబెట్టి పోయారు. మనమూ చప్పుడు చేయకుండా ఊరుకున్నాం. అదీ సంస్కారం!

అడగడంలో ఇంత కీడుందంటే అతిశయోక్తి అనుకునేవాళ్ళకు పోయిన వారం జరిగింది చెబుతాను. షాపు మనిషి కొత్త డిజైను తెచ్చి అంజనప్ప చేతిలో పెట్టాడు. ఇక నెమళ్ళు వద్దు, ఏనుగులు నేయాలన్నాడు. అంజనప్ప తలూపాడు. మగ్గం ఠక్కున ఆగింది.

"నేసేది నేను గదా," అంది యశోదమ్మ. "నన్నెందుకు అడగలేదు?"

షాపు మనిషి అంజనప్ప వైపు చూశాడు. అంజనప్ప డిజైను కాగితం వైపు చూశాడు.

చూశారా పాఠకులారా, ఎంత పాడు అలవాటో! ఆ కథ ఇంకో ఏడాది నడిచి ఉంటే మూడు ఊళ్ళూ ఇదే మాట అడిగేవి. వేళకు మూతపడింది గనుక బతికిపోయాం.