అర క్రెడిట్ సైనికుడు

"డిప్లొమా ఉండాల్సింది గోడ మీద! దేశభక్తి ఉండాల్సింది గుండెలో!"

అమెరికాలో, కెంటకీ రాష్ట్రంలోని ఒక చిన్న ఊళ్ళో దాణా కొట్టు ముందు, పికప్ ట్రక్కు మీదెక్కి శాసనసభ్యులు వెర్లిన్ హాగుడ్ గారు ఇలా ప్రకటించారు. హైస్కూలు పూర్తి చేసి డిప్లొమా తెచ్చుకోలేదన్న చిల్లర కారణంతో ఏ యువకుణ్ణీ సైన్యం వెనక్కి పంపకూడదన్నది వారి మహదాశయం.

"అలాంటి యువకుడు ఎవరైనా ఉన్నాడా ఇక్కడ?"

ఊరంతా లైల్ టాకెట్ వైపు తిరిగింది. లైల్ చెయ్యెత్తాడు. జవాబు తెలిసిన ప్రశ్న ఎదురవడం అతనికి అదే మొదటిసారి.

నిజానికి లెక్కల్లో కూడా గట్టెక్కాడు. తప్పింది జిమ్ క్లాసు, అంటే వ్యాయామం, ఒక్కటే. మైలు దూరం పన్నెండు నిమిషాల్లో పరుగెత్తలేక డిప్లొమాకు అర క్రెడిట్ తక్కువై ఆగిపోయాడు. కానీ సైన్యంలోకి వెళ్తున్నానని ముందే చాటింపు వేసుకుని, మూడు వీడ్కోలు విందులు తినేశాడు. లూయెల్లా పిన్ని మూడుసార్లూ కేకు చేసింది, మూడుసార్లూ ఏడ్చింది. ఇప్పుడు వెళ్ళకపోతే ఊళ్ళో తలెత్తుకోలేడు.

హాగుడ్ గారే స్వయంగా అతన్ని రిక్రూటింగ్ ఆఫీసుకు తీసుకెళ్ళారు.

"సార్జెంట్, ఈ సింహాన్ని చేర్చుకోండమ్మా."

సార్జెంట్ ఒకాంపో కాగితం చూసింది. "డిప్లొమా లేదే?"

"దేశభక్తి ఉంది!"

"ఫారంలో దానికి గడి లేదు సార్. బాబూ, సాయంత్రం బడిలో ఆ జిమ్ క్లాసు పూర్తి చేసెయ్. ఆరు వారాలే."

"ఆరు వారాలా! ఎన్నికలు నాలుగు వారాల్లోనే!" అన్నారు హాగుడ్ గారు. "బడి మానేసి యుద్ధానికెళ్ళినవాళ్ళకు స్కూలు గౌరవ డిప్లొమా ఇస్తుందిగా? అదిప్పిస్తా."

"అది సైన్యంలో చేసొచ్చినవాళ్ళకు సార్. సైన్యంలో చేరాక వచ్చే డిప్లొమాతో సైన్యంలో చేరతాడా?"

"చూశావా లైల్! చెప్పగానే ఎంత బాగా అర్థం చేసుకుందో!"

శుక్రవారం ఫుట్‌బాల్ మైదానంలో సభ. "ఈ స్కూలును పన్నెండో తరగతిలో వదిలేసి, మన కోసం పోరాడుతున్న వీరుడికి..." అని ప్రిన్సిపాల్ మైకులో అనగానే లైల్ లేచి టై సర్దుకున్నాడు. పిన్ని ఏడవడం మొదలెట్టింది.

"...శ్రీ వెర్లిన్ హాగుడ్ గారికి గౌరవ డిప్లొమా!"

లైల్ కూర్చున్నాడు. పిన్ని ఏడుపు మాత్రం ఆపలేదు.

మర్నాడు అదే దాణా కొట్టు, అదే ట్రక్కు. హాగుడ్ గారి మెడలో ఫ్రేము కట్టిన డిప్లొమా.

"చదువులేని వాడికి ఈ దేశంలో చోటెక్కడిది? అలాంటివాడు ఎవరైనా ఉన్నాడా ఇక్కడ?"

ఊరంతా లైల్ వైపు తిరిగింది.

లైల్ ఈసారి చెయ్యెత్తలేదు. పరుగు లంకించుకున్నాడు. పెట్రోలు బంకు దాటాడు, చర్చి దాటాడు, పిన్ని ఇంటి గుమ్మం ముందు కుప్పకూలాడు. వెనకాలే ఒక కారు వచ్చి ఆగింది. అద్దం దిగింది. లోపల జిమ్ టీచర్ మిసెస్ ప్రాటర్, చేతిలో స్టాప్‌వాచ్.

"కొట్టు నుంచి ఇక్కడికి మైలూ ఇరవై గజాలు. పదకొండు నిమిషాల నలభై సెకన్లు. ఇన్నాళ్ళూ ఏమైందిరా నీకు?"

"అప్పుడు ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు టీచర్."

గుమ్మంలో నిలబడి విన్న పిన్ని లోపలికెళ్ళి నాలుగో కేకుకు పొయ్యి వెలిగించింది.