బుజ్జి పలకలేదు

రిటైరైన లెక్కల టీచరుగారు ఆ ఉదయం వేసుకున్న పథకం చిన్నదే. తొమ్మిదింటికి తాను సొంతంగా తయారుచేసిన వైఫై రూటరును ఆన్ చేయాలి; పదకొండింటికి కోడలు దాని మీదే ఉద్యోగం ఇంటర్వ్యూ ఇవ్వాలి. దుకాణంలో దొరికే వస్తువు కోసం ఆవిడ మూడు నెలలు కుస్తీ పట్టారు. చిప్పులు అతికించడం, ప్రోగ్రాం రాయడం, అన్నీ అరవై రెండో ఏట ఓనమాల నుంచి నేర్చుకున్నారు. ఆ రూటరు బోర్డుకు బుజ్జి అని ముద్దుపేరు కూడా పెట్టారు. పాత రూటరు యాంటెన్నాలు ఊడదీసి బుజ్జికే బిగించడంతో ఇక వెనక్కి తగ్గే దారి లేదు.

స్విచ్ వేశారు. బోర్డు చెప్పేది తీగల గుండా వెళ్లి లాప్‌టాప్ తెర మీద అక్షరాలుగా రావాలి. తెర నల్లగానే ఉండిపోయింది. పది దాటింది.

"ఏమంటోంది అత్తయ్యా?"

"బుజ్జికి ఉలుకూ పలుకూ లేదమ్మా. ఒళ్లు మాత్రం కాలిపోతోంది!"

పైయింట్లోకి కొత్తగా వచ్చిన నర్సు మెట్లు దిగుతూ, ఆ మాట విని తెరిచున్న తలుపు దగ్గర కొయ్యబారిపోయింది. "ఎంతసేపైంది టీచరుగారూ?"

"గంట దాటింది," అన్నారావిడ తల ఎత్తకుండా. "రెండుసార్లు కరెంటు పెట్టి చూశాను."

నర్సు అక్కడికక్కడే అంబులెన్సుకు ఫోన్ చేసింది. పావుగంటలో స్ట్రెచరు వచ్చింది, దాని వెనకే బిల్డింగంతా వచ్చింది.

"పాప ఎక్కడ?" అంటాడు అంబులెన్సు అతను. "కరెంటు పెట్టారట!" అంటుంది నర్సు. "అది పాప కాదండీ!" అని కోడలు మొత్తుకుంటోంది.

"ఆగండి!" అన్నారు టీచరుగారు, క్లాసులో అరిచినట్టు. "అందరూ మాట్లాడేవాళ్లే! వినేవాళ్లేరీ?"

అని, తన మాటకు తనే ఉలిక్కిపడ్డారు. బోర్డు మాటలు పంపే తీగను, లాప్‌టాప్ మాటలు పంపే తీగకే కలిపారు మరి! వినే చోటికి ఒక్క మాటా వెళ్లలేదు. రెండు తీగలూ తారుమారు చేయగానే తెర నిండా అక్షరాలు జలజలా రాలాయి. బుజ్జి అప్పటిదాకా మాట్లాడుతూనే ఉందన్నమాట.

"ఇది మీరే చేశారా మేడం?" అంబులెన్సు అతను స్ట్రెచరు గోడకు ఆనించి, వంగి మరీ చూశాడు. నర్సు కళ్లు తుడుచుకుని నవ్వేసింది.

ఇంటర్వ్యూ నలభై నిమిషాలూ లైను ఒక్కసారి కూడా తెగలేదు. చివర్లో, వెనకాల ఆ జనమంతా ఎవరని ఇంటర్వ్యూ చేస్తున్న ముగ్గురూ అడిగారు. కోడలు జరిగిందంతా గర్వంగా చెప్పింది. అవతల ముగ్గురూ కాసేపు గుసగుసలాడుకుని, అత్తగారిని ఒకసారి పిలవమన్నారు.

కోడలి సంగతి తర్వాత చెబుతామన్నారు. అత్తగారిని మాత్రం సోమవారం రమ్మన్నారు.