మూడు ఎక్స్ ప్లస్ ఇరవై పూరీలు

ఉక్కు ఫ్యాక్టరీ ఇంకా కడుతున్న రోజులవి. శ్రీరామ్మూర్తి కూర్మన్నపాలెంలో ఒక బడికి లెక్కల మేష్టారు. మూడేళ్లు బతిమాలితే, జిల్లా లెక్కల టీచర్ల సదస్సు ఆ ఆదివారం ఆయన బడిలో పెట్టడానికి ఒప్పుకున్నారు. ఎంతమంది వస్తారో మాత్రం ఎవరూ చెప్పలేదు. అందుకని పొద్దున్నే వంటపాక దగ్గర బోర్డు మీద "పూరీలు: 3x + 20" అని రాశారు. మనిషికి మూడు, పైన ఒక ఇరవై. "x ఎంతో కబురు చేస్తాను" అని అటెండరు నూకాలుకు చెప్పి, అతిథులు దిగే గోపాలపట్నం బస్టాపుకు బయల్దేరారు.

తొమ్మిదింటికి డ్రిల్లు మేష్టారు త్రినాథరావు స్కూటరు మీద వచ్చి, "x ముప్పయ్యైదంట!" అని కేకేసి వెళ్లిపోయాడు. నూకాలు శ్రద్ధగా x చెరిపేసి, ఆ చోటులో 35 రాశాడు. బోర్డు మీద 335 + 20 తేలింది.

"మూడొందల యాభయ్యైదు పూరీలు, అప్పా!"

వంటమనిషి వరహాలమ్మ పిండి కలపడం ఆపింది. "మేష్టర్లకా, పోర్టు కలాసీలకా?"

"సారు రాత తప్పంటావేటి?"

ఉన్న పిండి చాలదు. నూకాలు బడి పక్కనున్న ఫ్యాక్టరీ క్వార్టర్లన్నీ తిరిగి, గిన్నెడు పిండి ఇచ్చినవాళ్లకు ఫలహారం ఇక్కడే అని మాటిచ్చాడు. ముప్పై రెండు మంది ఆడవాళ్లు గిన్నెలతో వచ్చి, పీటలేసుకుని పూరీలు ఒత్తారు. పదిన్నరకు శ్రీరామ్మూర్తి ముఖ్య అతిథి అచ్యుతరామయ్యగారినీ, వచ్చిన మేష్టర్లనీ వెంటబెట్టుకుని వచ్చేసరికి, ఆ ఆడవాళ్లంతా వరండాలో బంతి కట్టి కూర్చున్నారు.

శ్రీరామ్మూర్తి బోర్డు చూసి నూకాలు వైపు తిరిగారు. "మూడు పక్కన x ఉంటే మూడు ఇంటూ x అని కదయ్యా!"

"ఇంటూ ఏదండీ? నాను బోర్డంతా ఎతికానండి."

"అది మనం దాచేశాం కదా శ్రీరామ్మూర్తీ," అన్నారు అచ్యుతరామయ్యగారు.

"అయితే అందరికీ మూడేసి వడ్డించండి," అన్నారు శ్రీరామ్మూర్తి నీరసంగా.

"పిండి మాదే, ఒత్తింది మేవే, మూడేనా?" అంది బంతి మొదట్లో కూర్చున్న గౌరీశ్వరి. మిగతావాళ్లు గొంతు కలిపారు. లెక్కల మేష్టర్లు బోర్డు చుట్టూ మూగి, ముందు దేన్ని x అనుకోవాలో తేలక వాదులాడుకుంటున్నారు.

వరహాలమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "బాబూ, అయిదేసి ఎయ్యండి."

"ఎలా చెప్పావమ్మా?" అన్నారు శ్రీరామ్మూర్తి.

"మీరు ముప్పయ్యైదు, ఈళ్లు ముప్పైరెండు. అరవయ్యేడు మంది. ఆ ఇరవై పూరీలూ పక్కనెట్టేస్తే మూడొందల ముప్పయ్యైదు. మనిషికి అయిదు, సరీగ్గా సరిపోద్ది. పొద్దున్న ఎందరో తెలీలేదు, ఎన్నేసో తెలుసు. ఇప్పుడు ఎందరో తెలుసు, ఎన్నేసో తెలీదు. అంతే గదా?"

తెలియనిది చోటు మారిందన్న ఆ సంగతి శ్రీరామ్మూర్తి ఎనిమిదో తరగతికి నెలరోజులు చెప్పినా ఇంత తేటగా చెప్పలేకపోయారు. ఆవిడ బడిమెట్టు ఎక్కింది వంటకే. అచ్యుతరామయ్యగారు ఆవిడకు రెండు చేతులూ జోడించారు. మేష్టర్లలో సగంమంది జేబుల్లోంచి కలాలు తీశారు.

అయిదేసి వడ్డించారు. ఎవరికీ తక్కువ కాలేదు.

సామాన్యులకు బీజగణితం ఎలా నేర్పాలన్న విషయం మీద మధ్యాహ్నం ఆ సదస్సు యథాప్రకారం జరిగింది.